సెనీసియో అలంకరణ మొక్కలు

సెనీసియో అనేది పొద్దుతిరుగుడు కుటుంబమైన ఆస్టరేసికి చెందిన పుష్పించే మొక్కల ప్రజాతి. ఇందులో వెయ్యికి పైగా జాతులు కలవు. పుష్పించే మొక్కలలోని అతిపెద్ద ప్రజాతులలో ఇది ఒకటి. వీటిలో అధిక భాగం పచ్చపూల మొక్కలు కాగా, కొన్ని రసభరిత జాతులను, వెండి రంగు ఆకుల జాతులను ప్రపంచమంతటా ఇళ్ళలో అలంకరణ కోసం పెంచుతారు. నర్సరీలలో స్ట్రింగ్ ఆఫ్ పెర్ల్స్ అని పిలిచే ముత్యాల దండ మొక్క వీటిలో అందరికీ తెలిసినది. శాస్త్రజ్ఞులు ఈ అలంకరణ జాతులలో చాలావాటిని ఇప్పుడు ఇతర ప్రజాతులలోకి మార్చినప్పటికీ, వ్యాపారంలోను, తోటల పెంపకంలోను సెనీసియో అన్న పాత పేరే నిలిచి ఉంది.

ఈ మొక్కలలో చాలావాటి స్వస్థలం దక్షిణ ఆఫ్రికాలోని పొడి ప్రాంతాలు. అందువలన నెల్లూరు జిల్లాలోని తోటపల్లి గూడూరు వంటి తేమగల సముద్రతీర ప్రాంతాలలో వీటిని పెంచేటప్పుడు ప్రత్యేక జాగ్రత్తలు అవసరం. ఈ గుంపు మొక్కలలో కాలేయానికి హాని చేసే పదార్థాలు ఉన్నందున పిల్లలు, పెంపుడు జంతువులు, పశువులు ఉన్న ఇళ్ళలో వాటి గురించి తెలుసుకొని ఉండటం ముఖ్యం.

పేరు వెనుక చరిత్ర

లాటిన్ భాషలో సెనెక్స్ అంటే ముసలివాడు. ఈ మొక్కల పూలు వాడిన తరువాత గింజలకు తెల్లని వెంట్రుకల కుచ్చు ఏర్పడుతుంది. అది నెరసిన తలను పోలి ఉండటం వలన ఈ పేరు వచ్చింది. క్రీ.శ. మొదటి శతాబ్దపు రోమన్ రచయిత ప్లినీ కూడా ఈ పేరును ప్రస్తావించాడు. స్వీడన్ దేశపు శాస్త్రజ్ఞుడు కారల్ లిన్నేయస్ 1753లో తన స్పీషీస్ ప్లాంటారమ్ గ్రంథంలో ఈ పేరును ప్రజాతి నామంగా స్వీకరించాడు.

ముత్యాల దండ మొక్కకు సెనీసియో రౌలేయానస్ అని జర్మనీకి చెందిన రసభరిత మొక్కల నిపుణుడు హెర్మన్ జాకబ్‌సెన్ 1968లో నామకరణం చేశాడు. ఇది బ్రిటిష్ వృక్షశాస్త్రజ్ఞుడు గోర్డన్ రౌలీ (1921-2019) గౌరవార్థం పెట్టిన పేరు.

వర్గీకరణ

సెనీసియో చాలాకాలం పాటు ఒక పెద్ద సంచి వంటి ప్రజాతిగా ఉండేది. పోలికలు కలిసిన జాతులన్నిటినీ అందులోనే చేర్చేవారు. డి.ఎన్.ఏ. పరిశోధనలు వచ్చిన తరువాత ఇవన్నీ ఒకే వంశానికి చెందినవి కావని తేలింది. 2007లో పెల్సర్, ఆయన సహచరులు ప్రచురించిన పరిశోధన సెనీసియో ప్రజాతి హద్దులను కొత్తగా నిర్ణయించింది. దాని ఫలితంగా ఇంటి మొక్కలలో చాలావాటి పేర్లు మారినవి. ప్రస్తుతం అవి ఈ క్రింది ప్రజాతులలో కనిపిస్తాయి.

* క్యూరియో: ముత్యాల దండ, అరటికాయల దండ, నీలి సుద్దముక్కల మొక్క మొదలైన దక్షిణ ఆఫ్రికా రసభరిత మొక్కలు.
* క్లైనియా: ఆఫ్రికా, అరేబియా, భారతదేశాలలో పెరిగే రసభరిత మొక్కలు.
* కపూటియా: తెల్లని నూగుతో కప్పబడిన దక్షిణ ఆఫ్రికా మొక్కలు. ఈ ప్రజాతిని 2012లో ఏర్పరచారు.
* జాకోబియా: డస్టీ మిల్లర్ అని పిలిచే వెండి ఆకుల మొక్క ఇందులోనిది.
* పెరికాలిస్: పూల మొక్కగా ప్రసిద్ధమైన సినరేరియా.
* సూడోగైనాక్సిస్: నారింజ పూల తీగ.

మొక్క కొనేవారికి ఈ మార్పుల వలన కొంత గందరగోళం కలుగుతుంది. ఒకే మొక్క ఒక నర్సరీలో సెనీసియోగా, మరొక చోట క్యూరియోగా లేదా క్లైనియాగా కనిపించవచ్చు. సినరేరియా అన్న పేరు మరింత చిక్కు కలిగిస్తుంది. వెండి ఆకుల డస్టీ మిల్లర్‌ను సెనీసియో సినరేరియా అనేవారు. రంగురంగుల పూల సినరేరియా దానికి భిన్నమైన మొక్క.

సాధారణ లక్షణాలు

ఆస్టరేసి కుటుంబపు మొక్కలన్నిటిలో వలెనే వీటిలో కూడా ఒక పువ్వుగా కనిపించేది నిజానికి అనేక చిన్న పుష్పకాల సముదాయం. బంతి, చేమంతి పూలను చూసినవారికి ఈ అమరిక పరిచితమే. కొన్ని జాతులలో చుట్టూ రేకుల వంటి పుష్పకాలు ఉంటాయి. ముత్యాల దండ వంటి వాటిలో ఆ రేకులు ఉండవు, మధ్య భాగపు గొట్టపు పుష్పకాలు మాత్రమే తెల్లని చిన్న కుంచె వలె కనిపిస్తాయి. గింజకు పైన ఉండే వెంట్రుకల కుచ్చు దానిని గాలిలో దూరంగా మోసుకొనిపోతుంది.

రసభరిత జాతులలో నీటిని దాచుకొనే ఏర్పాట్లు విశేషమైనవి. ముత్యాల దండ ఆకు దాదాపు గోళాకారంలో బఠానీ గింజ వలె ఉంటుంది. ఒకే పరిమాణం గల ఆకారాలలో గోళానికి ఉపరితలం అతి తక్కువ. ఎండకు, గాలికి తగిలే ఉపరితలం తక్కువ అయినందున నీటి ఆవిరి కూడా తక్కువగా ఉంటుంది. అయితే గోళాకారం వలన లోపలి కణజాలానికి వెలుతురు తక్కువగా అందుతుంది. ఈ లోటును తీర్చడానికి ప్రతి ముత్యంపైన ఒక సన్నని పారదర్శకమైన గీత ఉంటుంది. దీనిని ఆకు కిటికీ అంటారు. దీని గుండా వెలుతురు ఆకు లోపలికి ప్రవేశిస్తుంది.

నీలి రంగు జాతుల ఆకులపై మైనపు పూత ఉంటుంది. వేలితో రుద్దితే ఈ పూత చెరిగిపోయి, క్రింది ఆకుపచ్చ రంగు బయటపడుతుంది. ఆ ఆకుపై మచ్చ అలాగే ఉండిపోతుంది కనుక వీటిని తరచుగా తాకరాదు. డస్టీ మిల్లర్ వంటి వాటిలో దట్టమైన తెల్లని నూగు ఎండ తీవ్రత నుండి ఆకును కాపాడుతుంది.

ఇళ్ళలో పెంచే ముఖ్య జాతులు

* ముత్యాల దండ (క్యూరియో రౌలేయానస్): దక్షిణ ఆఫ్రికాలోని పొడి ప్రాంతాలకు చెందినది. అక్కడ ఇది రాళ్ళ మధ్య, పొదల నీడలో నేలపై పాకుతూ, తీగ నేలను తాకిన చోటల్లా వేళ్ళు వేస్తుంది. ఇళ్ళలో వేలాడే కుండీలలో పెంచినపుడు తీగలు క్రిందికి దండల వలె జారతాయి. పూలు తెల్లగా ఉండి దాల్చినచెక్కను గుర్తుకు తెచ్చే సువాసన కలిగి ఉంటాయి.
* అరటికాయల దండ (క్యూరియో రాడికన్స్): ఆకులు చిన్న అరటికాయల వలె వంపు తిరిగి ఉంటాయి. ముత్యాల దండ కంటె వేగంగా పెరుగుతుంది, పొరపాట్లను ఎక్కువగా తట్టుకొంటుంది. కొత్తగా పెంచేవారికి అనువైనది.
* క్యూరియో హెర్రియానస్: ఆకులు కొస తేలి చిన్న ఉసిరికాయల వలె ఉండి, పొడవునా గీతలు కలిగి ఉంటాయి. ముత్యాల దండగా పొరబడటం సాధారణం.
* డాల్ఫిన్ల దండ (క్యూరియో పెరిగ్రైనస్): ముత్యాల దండకు, కొవ్వొత్తి మొక్కకు పుట్టిన సంకరం. ఆకు గాలిలోకి ఎగిరిన డాల్ఫిన్ వలె కనిపిస్తుంది.
* కొవ్వొత్తి మొక్క (క్యూరియో ఆర్టిక్యులేటస్): కాండం కణుపులు కణుపులుగా ఉబ్బి ఉంటుంది. వేడి కాలంలో ఆకులు రాల్చి విశ్రాంతి తీసుకొంటుంది. దీనిని చూసి మొక్క చనిపోయిందని పారవేయరాదు.
* నీలి సుద్దముక్కల మొక్క (క్యూరియో రెపెన్స్): సెనీసియో సెర్పెన్స్ అన్న పాత పేరుతో దొరుకుతుంది. నీలి బూడిద రంగులో వేళ్ళ వంటి ఆకులు నిటారుగా ఉంటాయి. మంచి ఎండను కోరుతుంది.
* క్లైనియా పెట్రియా: తూర్పు ఆఫ్రికాకు చెందినది. మందమైన ఆకులు గల పాకుడు మొక్క. నారింజ రంగు పూలు పూస్తుంది.
* క్లైనియా స్టాపీలిఫార్మిస్: ఆకులు లేనట్లుండే గీతల కాండం, ఎర్రని పూలు దీని ప్రత్యేకత.
* పట్టుకాయ మొక్క (కపూటియా టొమెంటోసా): ఆకులు పట్టుపురుగు గూళ్ళ వలె తెల్లని నూగుతో కప్పబడి ఉంటాయి. తేమను ఏమాత్రం సహించదు.
* మైనపు తీగ (సెనీసియో మాక్రోగ్లాసస్): ఐవీ తీగను పోలిన మెరిసే ఆకులు కలది. ఆకు అంచులలో పసుపు, తెలుపు రంగులు గల రకం ఇళ్ళలో ఎక్కువగా కనిపిస్తుంది.
* డస్టీ మిల్లర్ (జాకోబియా మారిటిమా): మధ్యధరా సముద్ర తీరాలకు చెందిన వెండి ఆకుల మొక్క. ఎండను, కొంతవరకు ఉప్పు గాలిని తట్టుకొంటుంది.
* సినరేరియా (పెరికాలిస్ హైబ్రిడా): దీని పూర్వీకులు కానరీ దీవులకు చెందినవి. ఊటీ వంటి చల్లని ప్రదేశాలలోను, ఉత్తర భారతదేశంలో శీతకాలపు పూల మొక్కగాను రాణిస్తుంది. నెల్లూరు వంటి వేడి ప్రాంతాలకు అనువైనది కాదు.
* నారింజ పూల తీగ (సూడోగైనాక్సిస్ కెనొపొడియాయిడిస్): మెక్సికో, మధ్య అమెరికాలకు చెందినది. పాత పేరు సెనీసియో కన్ఫ్యూసస్. ఇది ఇంటి లోపలి మొక్క కాదు. గేటు పైన, కంచె పైన పాకించడానికి పనికివస్తుంది. వేడిని బాగా తట్టుకొంటుంది.

మన దేశంలోని బంధువులు

సెనీసియో గుంపు మనకు పూర్తిగా విదేశీయమైనది కాదు. పూర్వం నోటోనియా గ్రాండిఫ్లోరా అని పిలిచిన క్లైనియా గ్రాండిఫ్లోరా అనే రసభరిత మొక్క దక్షిణ భారతదేశపు రాతి కొండలపై సహజంగా పెరుగుతుంది. ఆఫ్రికా నుండి వచ్చిన కుండీ మొక్కలకు ఇది దగ్గరి బంధువు. మహారాష్ట్రలోని పడమటి కనుమలలో వానాకాలం చివర కొండ మైదానాలను పసుపు రంగుతో నింపే సోనకి పువ్వు సెనీసియో బాంబేయెన్సిస్ అనే జాతి.

తెలుగు నేలపై పొలాలలోను, దారుల వెంబడి కనిపించే ఎమీలియా సోంకిఫోలియా అనే ఊదా పూల కలుపు మొక్క కూడా ఇదే తెగకు చెందినది. కేరళలో పవిత్రంగా భావించే పది మొక్కలైన దశపుష్పాలలో ఇది ఒకటి. అక్కడ దీనిని ముయల్ చెవియన్, అనగా కుందేలు చెవి, అని పిలుస్తారు.

నెల్లూరు తీరంలో పెంపకం

తోటపల్లి గూడూరు మండలం నెల్లూరు నగరానికి తూర్పున, బంగాళాఖాతం తీరాన ఉంది. కోడూరు బీచ్ ఈ మండలంలోనిదే. వరి పొలాలు, కొబ్బరి చెట్లు, రొయ్యల చెరువులు, తీరం వెంట ఇసుక నేలలు ఇక్కడి భూదృశ్యం. ఈ ప్రాంతపు వాతావరణం సెనీసియో మొక్కల స్వస్థలాలకు మూడు విషయాలలో భిన్నంగా ఉంటుంది.

మొదటిది వానల కాలం. ఆంధ్రప్రదేశ్‌లోని చాలా జిల్లాలకు నైఋతి ఋతుపవనాలు ప్రధానం కాగా, నెల్లూరు జిల్లాకు ఏడాది వర్షపాతంలో సగానికి పైగా అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలలలో ఈశాన్య ఋతుపవనాల వలన, వాయుగుండాల వలన వస్తుంది. 2015 నవంబరులోను, 2021 నవంబరులోను ఈ జిల్లాలో భారీ వర్షాలు, వరదలు సంభవించాయి. 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను కూడా ఈ తీరంపై ప్రభావం చూపింది. ఇతర ప్రాంతాల వారి కోసం వ్రాసిన తోటపని పుస్తకాలలో జూన్ నుండి సెప్టెంబరు వరకు నీరు తగ్గించమని ఉంటుంది. నెల్లూరు తీరంలో ఆ సూచన అక్టోబరు నుండి డిసెంబరు వరకు వర్తిస్తుంది.

రెండవది రాత్రి వేడి. ఈ గుంపులోని కొన్ని రసభరిత జాతులు పగలు పత్రరంధ్రాలను మూసుకొని, రాత్రి చల్లబడినపుడు తెరచి బొగ్గుపులుసు వాయువును గ్రహిస్తాయి. మే నెలలో తీరప్రాంతపు రాత్రులు వేడిగా, ఉక్కగా ఉండటం వలన ఈ పని మందగిస్తుంది. అందువలన రోహిణి కార్తెలో మొక్క పెరుగుదల ఆగిపోయినట్లు కనిపించడం సహజం. అది నీటి కొరత అని భ్రమపడి ఎక్కువ నీరు పోయడం వలననే మొక్కలు ఎక్కువగా చనిపోతాయి. మొక్క తాగలేని సమయంలో పోసిన నీరు కుండీలో నిలిచి వేళ్ళను కుళ్ళిస్తుంది.

మూడవది ఉప్పు. సముద్రపు గాలిలో ఉప్పు తుంపరలు ఉంటాయి. తీరానికి దగ్గరగా ఉన్న కొన్ని చోట్ల బోరు నీరు కూడా ఉప్పగా ఉంటుంది. ఇటువంటి నీటిని తరచుగా పోస్తే కుండీ అంచున, మట్టి పైన తెల్లని పొర ఏర్పడుతుంది. ఆకుల కొసలు ఎండిపోవడం, ముత్యాలు ఒకవైపు ముడతలు పడటం దీని లక్షణాలు.

కుండీ, మట్టి మిశ్రమం

వీటికి ప్లాస్టిక్ కుండీల కంటె మట్టి కుండీలు మేలు. మట్టి కుండీ గోడల గుండా తేమ బయటకు పోతుంది. ఈ మొక్కల వేళ్ళు లోతుగా పోవు కనుక లోతు తక్కువగా, వెడల్పుగా ఉండే కుండీ సరిపోతుంది. అడుగున రంధ్రం తప్పనిసరిగా ఉండాలి. మొక్కకు మించిన పెద్ద కుండీ వాడితే వేళ్ళు అందుకోని మట్టిలో తేమ చాలా రోజులు నిలిచిపోతుంది.

మిశ్రమంలో సగానికి పైగా నీరు నిలవని పదార్థాలు ఉండాలి. ఈ ప్రాంతంలో సులభంగా దొరికే వాటితో తయారుచేసుకొనే ఒక మిశ్రమం ఇది.

* కడిగిన ముతక ఏటి ఇసుక: 2 పాళ్ళు
* బఠానీ గింజంత ఇటుక ముక్కలు: 1 పాలు
* ఊక బొగ్గు లేదా కట్టె బొగ్గు ముక్కలు: 1 పాలు
* బాగా చివికిన ఆకు ఎరువు లేదా వర్మీకంపోస్టు: 1 పాలు
* కడిగిన కొబ్బరి పొట్టు: 1 పాలు

సముద్రపు ఇసుకను వాడరాదు. అందులో ఉప్పు, గవ్వల సున్నం ఉంటాయి. పైగా అది సన్నగా ఉండి త్వరగా గట్టిపడుతుంది. కొబ్బరి పొట్టులో కూడా ఉప్పు ఉండే అవకాశం ఉన్నందున దానిని మంచి నీటిలో రెండు మూడు సార్లు నానబెట్టి పిండాలి. వరి పొలపు జిగట మట్టి వీటికి పనికిరాదు.

వెలుతురు

తీగ జాతులను తూర్పు ముఖపు వరండాలో, ఉదయం రెండు మూడు గంటలు ఎండ పడే చోట వేలాడదీయాలి. మధ్యాహ్నపు ఎండ, వేసవిలో పడమటి నుండి వీచే వేడిగాలి తగలరాదు. గది లోపల అయితే కిటికీ ప్రక్కనే ఉంచాలి. వెలుతురు చాలనపుడు ముత్యాల మధ్య ఎడం పెరిగి తీగ సన్నగా సాగుతుంది. వేలాడే కుండీలలో మరొక పొరపాటు తరచుగా జరుగుతుంది. కుండీని కప్పుకు దగ్గరగా కడితే క్రిందికి జారిన తీగలకు వెలుతురు అంది, కుండీ పైభాగానికి అందదు. దానితో పైన మొక్క బట్టతల వలె పలచబడుతుంది. కుండీ పైభాగానికి కూడా వెలుతురు తగిలే ఎత్తులో కట్టడం దీనికి నివారణ.

నీలి సుద్దముక్కల మొక్క, డస్టీ మిల్లర్ ఎక్కువ ఎండను కోరుతాయి. వీటిని మిద్దె పైన ఉంచవచ్చు. అయితే నీడలో పెరిగిన మొక్కను ఒక్కసారిగా ఎండలో పెట్టరాదు. రెండు వారాలలో క్రమంగా అలవాటు చేయాలి.

నీరు

రోజుల లెక్కన కాక మొక్కను, మట్టిని చూసి నీరు పోయాలి. ఒక పుల్లను మట్టిలోకి గుచ్చి తీసినపుడు దానికి తడి అంటకపోతే నీటి అవసరం ఉన్నట్లు. ముత్యాల దండలో ముత్యంపై గల కిటికీ గీత సన్నబడటం, ముత్యం మెత్తబడి కొద్దిగా ముడత పడటం దాహానికి గుర్తులు. ముత్యాలు నిండుగా ఉన్నంతవరకు నీరు పోయనవసరం లేదు. ముత్యాలు మెత్తబడి, పారదర్శకంగా, పసుపు రంగుకు మారితే అది దాహం కాదు, కుళ్ళు.

నీరు పోసినపుడు అడుగు రంధ్రం నుండి కారేవరకు పోసి, పళ్ళెంలో నిలిచిన నీటిని పారబోయాలి. కొద్దికొద్దిగా రోజూ చిలకరించడం మంచి పద్ధతి కాదు. ఉదయం వేళ పోయడం మేలు. వాన నీటిని పట్టి నిలువ చేసి వాడుకొంటే ఉప్పు సమస్య ఉండదు. ఉప్పగా ఉన్న బోరు నీరే గతి అయినవారు నెలకు ఒకసారి వాన నీటితో గాని, మంచి నీటితో గాని కుండీ నుండి ధారాళంగా కారేటట్లు పోసి, పేరుకొన్న ఉప్పును కడిగివేయాలి.

ఎరువు

వీటికి ఎరువు అవసరం తక్కువ. జనవరి నుండి మార్చి వరకు పెరుగుదల చురుకుగా ఉన్నపుడు, డబ్బాపై సూచించిన మోతాదులో సగానికి పలుచన చేసిన ద్రవ ఎరువును నెలకు ఒకసారి ఇస్తే సరిపోతుంది. నత్రజని ఎక్కువైతే మొక్క మెత్తగా పెరిగి చీడలకు లోనవుతుంది.

కాలానుగుణ పనులు

* జనవరి - మార్చి: వాతావరణం అనుకూలం. కుండీలు మార్చడం, తీగలు కత్తిరించి కొత్త మొక్కలు చేయడం, ఎరువు ఇవ్వడం ఈ నెలలలో చేయాలి. కొద్దిపాటి చలి ముత్యాల దండ పూయడానికి తోడ్పడుతుంది. తీరంలో చలి తక్కువ కనుక పూలు అరుదు.
* ఏప్రిల్ - జూన్: మధ్యాహ్నపు ఎండ నుండి కాపాడాలి. ఎరువు ఆపాలి. మట్టి పూర్తిగా ఎండిన తరువాతనే, తెల్లవారుజామున లేదా ఉదయం నీరు పోయాలి.
* జూలై - సెప్టెంబరు: చెదురుమదురు వానలు, ఉక్క ఉంటాయి. పిండినల్లి కోసం వారానికి ఒకసారి ఆకుల అడుగు భాగాలను పరిశీలించాలి. వానల కాలానికి ముందు, ముఖ్యమైన మొక్కల నుండి ఒక్కొక్క చిన్న కుండీ అదనంగా తయారుచేసి పెట్టుకోవడం మంచిది.
* అక్టోబరు - డిసెంబరు: కుండీలను కప్పు క్రిందకు చేర్చాలి. ముసురు పట్టినన్ని రోజులు నీరు పోయరాదు. గాలి ఆడేటట్లు కుండీల మధ్య ఎడం ఉంచాలి. తుఫాను హెచ్చరిక వచ్చినపుడు వేలాడే కుండీలను దించి గదిలో నేలపై పెట్టాలి. ఇది మొక్క కోసమే కాదు, గాలికి ఎగిరిన కుండీ మనుషులకు తగలకుండా ఉండటానికి కూడా.

ఏ మొక్కను ఎంచుకోవాలి

ఈ తీరంలో మొదటిసారి పెంచేవారు అరటికాయల దండతో ప్రారంభించడం మేలు. ఎండ పడే మిద్దె ఉన్నవారికి నీలి సుద్దముక్కల మొక్క తగినది. ముత్యాల దండ కొంత అనుభవం వచ్చిన తరువాత తీసుకోదగినది. పట్టుకాయ మొక్క, సినరేరియా ఈ వాతావరణంలో నిలవడం కష్టం. మదనపల్లె ప్రాంతం, హార్స్లీ కొండలు వంటి చల్లని చోట్ల వీటికి ఎక్కువ అవకాశం ఉంది.

రాష్ట్రంలో అలంకరణ మొక్కల వ్యాపారానికి తూర్పు గోదావరి జిల్లాలోని కడియం, కడియపులంక నర్సరీలు ప్రసిద్ధి చెందినవి. దూరం నుండి తెచ్చిన మొక్కను వెంటనే వేరే కుండీలోకి మార్చక, రెండు వారాలు నీడలో ఉంచి, ఇతర మొక్కలకు దూరంగా గమనించాలి. నర్సరీ మొక్కలు తరచుగా ఉత్త కొబ్బరి పొట్టులో వస్తాయి. అది చాలా రోజులు తడిగా ఉంటుంది కనుక తరువాత తగిన మిశ్రమంలోకి మార్చడం అవసరం.

ప్రవర్ధనం

తీగ జాతులను కాండపు ముక్కల ద్వారా సులభంగా పెంచవచ్చు. ఆరోగ్యంగా ఉన్న తీగ నుండి 8-10 సెం.మీ. ముక్కను శుభ్రమైన కత్తెరతో కత్తిరించి, అడుగున రెండు మూడు కణుపుల వద్ద ఆకులు తీసి, ఒకటి రెండు రోజులు నీడలో గాయం ఆరనివ్వాలి. తరువాత తేమగా ఉన్న మిశ్రమంపై అడ్డంగా పరచి, కణుపులు మట్టిని తాకేటట్లు హెయిర్‌పిన్నుతో గాని, వంచిన తీగముక్కతో గాని అదిమి ఉంచాలి. సుమారు రెండు నుండి నాలుగు వారాలలో వేళ్ళు వస్తాయి. తల్లి మొక్క పైభాగం పలచబడితే, దాని తీగలనే చుట్టలుగా చుట్టి అదే కుండీ మట్టిపై పరచినా వేళ్ళు వేసి తిరిగి నిండుతుంది. డస్టీ మిల్లర్‌ను, సినరేరియాను ఎక్కువగా విత్తనాల ద్వారా పెంచుతారు.

చీడపీడలు

* వేరుకుళ్ళు: తీరప్రాంతంలో అన్నిటికంటె పెద్ద సమస్య. మొదలు దగ్గర కాండం గోధుమ రంగుకు మారి మెత్తబడుతుంది. ఈ స్థితిలో మొక్క మొదలును కాపాడటం సాధ్యం కాదు. పైన ఆరోగ్యంగా ఉన్న తీగలను కత్తిరించి కొత్తగా నాటాలి. పాత మట్టిని తిరిగి వాడరాదు.
* పిండినల్లి: కణుపుల వద్ద తెల్లని దూది వలె కనిపిస్తుంది. స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడిచివేయాలి. వారం తరువాత తిరిగి చూడాలి.
* పేనుబంక: లేత చిగుళ్ళపై, పూమొగ్గలపై చేరుతుంది. నీటి ధారతో గాని, పలుచని సబ్బు నీటితో గాని పోగొట్టవచ్చు.
* ఎర్రనల్లి: వేసవిలో పొడి గాలికి మైనపు తీగపై వస్తుంది. ఆకుల అడుగున సన్నని గూడు, పైన పసుపు చుక్కలు కనిపిస్తాయి.

లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనెను కొద్ది సబ్బుతో కలిపి సాయంత్రం చల్లవచ్చు. అయితే నూనె పడితే నీలి జాతుల మైనపు పూత చెరిగిపోతుంది. వాటిపై దీనిని వాడకపోవడమే మంచిది. ఎండలో చల్లితే ఏ జాతి ఆకులైనా మాడతాయి.

విషగుణం

సెనీసియో గుంపు మొక్కలలో పైరోలిజిడిన్ ఆల్కలాయిడ్లు అనే పదార్థాలు ఉంటాయి. వీటి మోతాదు జాతిని బట్టి మారుతుంది. తిన్నపుడు ఇవి కాలేయంలో మార్పు చెంది హానికరమైన పదార్థాలుగా తయారై, కాలేయంలోని సన్నని సిరలను మూసివేస్తాయి. ఒక్కసారిగా కాక, కొద్దికొద్దిగా చాలాకాలం తిన్నా హాని పేరుకొంటుంది. ఎండబెట్టినంత మాత్రాన ఈ విషం పోదు. అందుకే ఎండుగడ్డిలో కలిసిన సెనీసియో కూడా పశువులకు ప్రమాదకరం.

ఈ ప్రమాదం ఊహించి చెప్పినది కాదు. దక్షిణ ఆఫ్రికాలో పశువులకు వచ్చే మోల్టెనో వ్యాధికి సెనీసియో మొక్కలే కారణమని గుర్తించారు. అదే దేశంలో సెనీసియో కలిసిన పిండితో చేసిన రొట్టెలు తిని మనుషులు కాలేయ వ్యాధికి గురైన వైనాన్ని విల్మట్, రాబర్ట్‌సన్ 1920లో లాన్సెట్ పత్రికలో వివరించారు. మన దేశంలో 1970లలో అప్పటి మధ్యప్రదేశ్‌లోని సర్గుజా జిల్లాలో (ప్రస్తుతం ఛత్తీస్‌గఢ్) ఇదే రకపు ఆల్కలాయిడ్ల వలన కాలేయ వ్యాధి ప్రబలి మరణాలు సంభవించాయి. అయితే అక్కడ కారణం సెనీసియో కాదు. చిరుధాన్యంలో కలిసిన గిలిగిచ్చ జాతి (క్రోటలేరియా) గింజలు.

ముత్యాల దండ కుక్కలకు, పిల్లులకు విషపూరితం. వాంతులు, చొంగ కారడం, విరేచనాలు, మందకొడితనం లక్షణాలు. కొందరికి ఈ మొక్కల రసం తగిలితే చర్మంపై దురద పుడుతుంది. కనుక ఇళ్ళలో ఈ జాగ్రత్తలు పాటించాలి.

* ముత్యాలు పచ్చి బఠానీల వలె కనిపించడం వలన పసిపిల్లలు నోట పెట్టుకొనే అవకాశం ఉంది. కుండీలను వారికి అందని ఎత్తులో కట్టి, రాలిన ముత్యాలను ఏరివేయాలి.
* కత్తిరించిన తీగలను గొర్రెలకు, మేకలకు, గేదెలకు వేయరాదు. పశువులు తిరిగే చోట పారవేయరాదు.
* కత్తిరించిన తరువాత చేతులు సబ్బుతో కడుగుకోవాలి.
* పిల్లలు తిన్నట్లు అనుమానం కలిగితే ఇంటి వైద్యంతో వాంతి చేయించే ప్రయత్నం చేయక, మొక్క కొమ్మను వెంట తీసుకొని వెంటనే వైద్యుని వద్దకు వెళ్ళాలి. పశువులు తింటే పశువైద్యుని సంప్రదించాలి.
* ఈ గుంపు మొక్కలను మందుగా లోపలికి తీసుకోరాదు. సంప్రదాయ వైద్యంలో వాడే ఎమీలియాలో కూడా ఈ ఆల్కలాయిడ్లు ఉన్నట్లు పరిశోధనలలో తేలింది.

పర్యావరణం

ఈ తెగలోని కొన్ని మొక్కలు పరాయి దేశాలలో కలుపుగా మారినవి. ఒకప్పుడు ఇంటి తీగగా ఇష్టపడిన డెలైరియా ఒడొరాటా (పాత పేరు సెనీసియో మికానియాయిడిస్) కాలిఫోర్నియాలోను, ఆస్ట్రేలియాలోను అడవులను ఆక్రమించింది. సెనీసియో మడగాస్కారియెన్సిస్ ఆస్ట్రేలియా పచ్చిక బయళ్ళకు పెద్ద బెడదగా మారింది. కాండపు ముక్క నుండి సులభంగా వేళ్ళు వేసే తీగలను కాలువ గట్లపై, ఖాళీ స్థలాలలో పారవేయక, ఎండబెట్టి నాశనం చేయడం మంచి అలవాటు.

ఇవి కూడా చూడండి

* ఆస్టరేసి
* రసభరిత మొక్కలు
* తోటపల్లి గూడూరు మండలం
* కడియపులంక
* ఈశాన్య ఋతుపవనాలు